చింతపిక్కల లెక్క

మగపిల్లలాడు చెడుగుడును గూర్చి ఒక బడిపంతులుగారి భార్య పత్రికకు వ్రాయుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగనే యున్నది. నేను బడికి పోయి చదివినదానను గాను. మా తాతగారి పట్టుదలచే ఇంటివద్దనే అమరము, భారతము, భాగవతము చెప్పించిరి. ఆటలపాటలతో నాకు పరిచయము లేదు. అయినను గడచిన దసరా దినములలో మా యింట జరిగిన యొక చిన్న సంగతి నాకు చాల నేర్పినది. అది మీకును పనికివచ్చునని తోచి వ్రాయుచున్నాను.

మాది నర్సీపట్నము. 2022వ సంవత్సరమున అనకాపల్లి జిల్లా యేర్పడువరకు ఇది విశాఖపట్టణము జిల్లాలోనిదిగా నుండెడిది. చింతపల్లి, లంబసింగి మన్యమునకు పోవువారికి దారి మా ఊరిమీదుగనే. ఇంటిలో అత్తగారు, మావారు, నేను, మా పిల్ల లిద్దరు, మా తోడికోడలు, ఆమె చంటిబిడ్డ. మా మరిది విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు ఆదివారములయందు వచ్చి పోవుచుండును.

ముందు మూడు సంవత్సరముల క్రిందటి సంగతి చెప్పవలెను. అప్పుడు మా మరిది బెంగుళూరులో నుండెను. చేతిఫోనులో జట్టు కూర్చు ఆట యొకటి యతనికి పట్టుబడినది. నిజముగా మైదానములో నాడువారిలో కొందరి నేరుకొని మనది యని యొక ఊహాజట్టు కూర్చుకొనవలెను. వా రచ్చట సంపాదించిన పాయింట్లే మన ఖాతాలో పడును. ఎవని జట్టునకు ఎక్కువ వచ్చిన వాడు గెలిచినట్లు. వినుటకు బాలక్రీడవలె నుండును గాని అందులో సొమ్ము పెట్టి యాడినచో జూదమునకును దీనికిని భేద మెంత? మన రాష్ట్రములో సొమ్ముతో నాడు ఇట్టి అంతర్జాలపు ఆటలను 2020వ సంవత్సరముననే నిషేధించిరి. పొరుగు రాష్ట్రమున నున్న యతనికి ఆ నిషేధ మడ్డురాలేదు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేయునప్పటికి మా యింట జరుగవలసినది జరిగిపోయినది. మా తోడికోడలి పుట్టింటివారు పెట్టిన గాజులు, గొలుసు అప్పులక్రింద పోయినవి. ఆమె యొక్క మాటయు ననక పెట్టె సర్దుకొని మా యింటికి వచ్చినది. నాటినుండి ఆ ఆట పేరు మా గడపలోపల ఎవరును తలపెట్టలేదు.

ఇట్లుండగా ఒకనాడు మా పెద్దవాని పుస్తకాల సంచి దులుపుచుండ రెండు గుడ్డమూటలు క్రింద పడినవి. విప్పి చూచితిని. చింతపిక్కలు! ఒక మూటలో నిండు పిక్కలు, రెండవదానిలో సగమునకు పగులగొట్టిన బద్దలు. వానితో నొక నోటుపుస్తకము. దానినిండ ఆటగాండ్ర పేర్లు, గీతలు, అంకెలు. నా కాళ్ళలో సత్తువ పోయినది. తొమ్మిదవ తరగతి చదువు పిల్లవాడు! ప్రక్కనే బిడ్డకు పాలు పట్టుచున్న మా తోడికోడలు ఆ పుస్తకమువంక ఒక్కమారు చూచి, బిడ్డ నెత్తుకొని వంటింటిలోనికి పోయినది.

సాయంకాలము పిల్లవానిని నిలదీసితిని. వాడు జంకలేదు. "అమ్మా, ఇందులో డబ్బు లేదే. వీధిలో నలుగురము ఆడుకొనుచున్నాము. టెలివిజనులో తెలుగు టైటన్స్ ఆడినప్పుడు ఏడుగురిని ఎన్నుకొందుము. పాయింటునకు ఒక పిక్క. మన జట్టు నాయకునికి రెండింతలు, ఉపనాయకునికి ఒకటిన్నర. అందుకే బద్దలు" అనెను.

నేను మావారితో, పుస్తకము పొయ్యిలో పెట్టుదు నంటిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "కాల్చుట నిమిషము పని. ముందు చదివి చూడుము. నీవు భారతము చదివినదానవు. నలుడు జూదమున సర్వము పోగొట్టుకొనెను గదా, మరల ఎట్లు బాగుపడెను?" అని యడిగిరి.

ఆ మాట నన్నాపినది. అరణ్యపర్వములోని కథ మీకు దెలిసినదే. ఋతుపర్ణ మహారాజు రథముమీద పోవుచు తాండ్రచెట్టు నొకదానిని చూచి దాని యాకులెన్నియో కాయలెన్నియో చెప్పెను. నలుడు నమ్మక రథము నాపి, చెట్టు పడగొట్టి లెక్కించి చూచెను. లెక్క సరిపోయినది. ఆ సంఖ్యావిద్యతోడనే అక్షహృదయ మతనికి లభించినది, కలి యతని దేహమును విడిచినది. విద్య తెలియక యాడి రాజ్యము పోగొట్టుకొన్న నలుడు, లెక్క తెలిసిన పిమ్మట ఒక్కమారే యాడి తన రాజ్యము తాను గైకొని, పుష్కరుని క్షమించి విడిచెను. పిల్లవాడు నేర్చుచున్నది జూదమో, లెక్కయో తెలిసికొందమని ఆ రాత్రి నేనా పుస్తకము ముందువేసికొని కూర్చుంటిని.

ఇక ఆట సంగతి. మనవారు చెడుగుడు అన్నదే నేడు కబడ్డీ. ప్రక్క కేడుగురు. ఇరువదేసి నిమిషముల భాగములు రెండు. ఒకడు కూత పెట్టుచు ఎదుటివారి బరిలోనికి పోయి, ముట్టి, పట్టుబడక తిరిగి రావలెను. కూతకు ముప్పది సెకనులు మాత్రమే గడువు. వాడు ముట్టినవారందరు బయటికి పోవుదురు. వాడు పట్టుబడినచో వాడే బయట కూర్చుండును. ఎదుటివారిలో నొకడు ఔటయినప్పుడెల్ల మనవారిలో బయట నున్న యొకడు, పోయిన వరుసనే, మరల లోనికి వచ్చును. చిన్నతనమున మనము చావు, బ్రతుకు అనుచుండెడివార మదియే. వరుసగా రెండు కూతలు వట్టివి పోయినచో మూడవ కూతకు పోయినవాడు పాయింటైనను తేవలెను, లేదా తాను ఔటు కావలెను.

ఈ ప్రో కబడ్డీ పోటీలు 2014వ సంవత్సరమున మొదలైనవి. మొదటినుండియు తెలుగు టైటన్స్ అందున్నది. పూర్వము రాహుల్ చౌదరి యొక్కడే ఆ జట్టుకు కూతగాడని పేరు. 2023వ సంవత్సరమున పవన్ సెహ్రావత్ అనువానిని రెండు కోట్ల అరువది లక్షల పైచిలుకు వెలకు కొనిరి. ఆ యేడు పండ్రెండు జట్లలో మనది చివర నిలిచినది. ఎంత గొప్పవాడైనను ఒక్కడే బరువంతయు మోయలేడని తెలిసినది. మరుసటియేడు పవన్ గాయపడి కొన్ని ఆటలకు దూరము కాగా, అంతవరకు ప్రక్కనున్న విజయ్ మలిక్ ముందుకు వచ్చెను. 2025వ సంవత్సరపు పోటీలు ఆగస్టు 29వ తేదీన మా విశాఖపట్టణముననే ప్రారంభమైనవి. అప్పటికి విజయ్ మలిక్ నాయకుడు, భరత్ హూడా అతనికి జత. ఇద్దరును కూతకు పోవువారే. జట్టు ఆ యేడు చివరి పోటీల దశదాక పోయినది.

మా వాని చిక్కంతయు ఈ జతలోనే యున్నది. ఒకే జట్టులో ఇద్దరు కూతగాండ్రున్నప్పుడు, రెండింతలు వచ్చు నాయకపదవి ఎవరికీయవలెను? నలువది నిమిషములలో ముప్పది సెకనుల చొప్పున లెక్కించినచో రెండు ప్రక్కలకు కలిసి ఎనుబది కూతలు, ఒక్కొక్క జట్టునకు సుమారు నలువది. ఆ నలువదియే ఇద్దరు ముగ్గురు పంచుకొనవలెను. ఒకనికి పెరిగినది మరియొకనికి తరిగినదే.

తెలియుటకై ఊహించి యొక లెక్క చెప్పెదను. మొదటివాడు ఇరువది కూతలకు పోయి ఎనిమిది పాయింట్లు తెచ్చెననుకొందము. రెండవవాడు పదింటికి పోయి ఆరు తెచ్చెను. మొత్తము చూచువాడు మొదటివాడు గొప్ప యనును. కూతకెంత యని చూచువాడు, మొదటివానికి అయిదింట రెండు, రెండవవానికి అయిదింట మూడు గనుక రెండవవాడే గొప్ప యనును. ఇద్దరును సగమే చూచిరి. రెండవవానికి ఇరువది కూత లిచ్చినంతమాత్రమున పండ్రెండు పాయింట్లు వచ్చునని నమ్మకము లేదు. ఎందుకనగా, మొదటివాడు నలుగురిని బయటికి పంపిన పిమ్మట ముగ్గురే మిగిలిన బరిలోనికి అతడు పోయెనేమో. అట్లుకాక, మొదటివాడు చేతకాక విడిచిన మూడవ కూతలకే అతనిని పంపిరేమో. అప్పుడు తెచ్చిన పాయింటు విలువ వేరు.

కావున మూడు ప్రశ్న లడుగవలెనని నాకు తోచినది. ఎన్ని కూతలు దొరకుచున్నవి? ఎట్టి కూతలు దొరకుచున్నవి? మొదటివాడు బయట కూర్చున్నప్పుడు బరువెవనిమీద పడుచున్నది? ఈ మూడును చూడక, నిన్న ఎక్కువ తెచ్చినవాడే నేడును తెచ్చునని వానివెంట పడుటయే పొరపాటు.

మిచిగనులో నున్న మా తమ్మునితో ఫోనులో ఈ మాట లనగా వాడు పకపక నవ్వి, "అక్కా, ఇచ్చట సగము దేశము ఈ లెక్కలోనే మునిగియున్నది" అనెను. వా రచ్చట ఫుట్‌బాల్ అని పిలుచు ఆటలో బంతిని కాలితో తన్నుట తక్కువ, చేతబట్టి పరుగెత్తుట మెండట. ఈ ఊహాజట్ల వేడుక ఆ ఆటకు 1962వ సంవత్సరమున ఓక్లండు జట్టుతో సంబంధముగల విన్కెన్‌బాక్ అనువాడు, మరికొందరు కలిసి కనిపెట్టినదట. వాని ఊరిజట్టు డెట్రాయిట్. 2023వ సంవత్సరమున అందు మాంట్‌గామరి, గిబ్స్ అను నిద్దరు ఒకే పరుగుపని పంచుకొనిరి. మాంట్‌గామరి 219 మారులు బంతితో పరుగెత్తి 1,015 గజములు పోయెను, 13 మారులు గీటు దాటెను. గిబ్స్ 182 మారులు పరుగెత్తి 945 గజములు పోయెను, 10 మారులు గీటు దాటెను. పరుగునకెంత యని చూచినచో గిబ్స్‌దే ఎక్కువ. పైగా విసిరిన బంతి నందుకొనుట అతని కదనపు పని. గీటు సమీపించిన పిమ్మట బంతి నెవని చేతికిత్తురో వానికి పాయింట్లు కురియును. అంతదూరము దానిని మోసి తెచ్చినవాడు వేరొకడు కావచ్చును. దేశము వేరైనను ఆ చిక్కు మా పిల్లవాని చిక్కే.

మరునాడు నేను మూడు ప్రశ్నలును వానికి చెప్పి, పుస్తకములో మూడు గళ్ళు గీయించుచుండగా మా తోడికోడలు బియ్య మేరుచున్నది. ఆమె తల యెత్తకయే, "అక్కయ్యా, ఒక గడి తక్కువైనది" అనెను.

మే మిరువురమును ఆశ్చర్యపడి చూచితిమి. ఆమె చేట ప్రక్కన పెట్టి వచ్చి, పెన్సిలు తీసికొని నాలుగవ గీత గీచినది. "మొదటివాడు ఔటై కూర్చున్నప్పుడు వానిని మరల లోనికి తెచ్చినది ఎవరు? రెండవవాడు పోయి ఒకనిని ముట్టి వచ్చినప్పుడు పాయింటొకటే పడును. కాని ఆ ముట్టుటచే మొదటివాడు లేచి వచ్చి ఇంకను అయిదు కూతలు పోవును. ఆ యైదు కూతల ఫలము మొదటివాని పేరనే పడును. రెండవవాని పేర ఏమియు పడదు. మీ మరిదిగారెన్నడును ఈ గడి వేసికొనలేదు. ముందురోజు పెద్ద అంకె తెచ్చినవానినే నాయకునిగా పెట్టుచుండిరి. వాని ప్రక్కవాడు గాయపడి రాకపోయినను వానినే పెట్టిరి. లేపువాడు లేక వాడు బయటనే కూర్చుండెను. రాత్రు లెన్నో నేను ప్రక్కనే కూర్చుండి చూచితిని" అనెను.

మూడు సంవత్సరములలో ఆమె ఆ విషయమై నా యెదుట పలికిన మొదటి మాట లవియే. పిల్లవాడు "పిన్నీ, నీకింత తెలుసునా!" అని నోరు తెరచెను. ఆమె చిరునవ్వు నవ్వి చేటవద్దకు పోయినది. నాకు మాత్ర మా నాలుగవ గీతనుండి చూపు మరలలేదు.

సోదరీమణులారా! ఇక నా తప్పు చెప్పుకొందును. ఒక వంటిల్లును ఇద్దరు కోడండ్రు పంచుకొన్నప్పుడు లెక్క పుట్టక మానదు. నేనును లెక్క పెట్టుచుండెడిదానను. తెల్లవారుజామున లేచునది నేను, పొయ్యి వెలిగించునది నేను, వడ్డించునది నేను. ఆమె బిడ్డకొరకు నడుమ నడుమ లేచిపోవును. ఇరువది పనులు నావైనచో పది ఆమెవి. అత్తగారును "పెద్దకోడలి చేతివంట" యనియే చుట్టములతో చెప్పుచుందురు. ఇంతటితో నాగినను బాగుండును. తన సొమ్ము పోయి మా పంచకు వచ్చినది గనుక ఆమె యేదో ఋణపడియున్నట్లు కూడ నా మనసులో నొక పద్దుండెను. భాద్రపదములో నొకనాడు, ఆమెకు వినబడునట్లు, "కష్టము ఒకరిది, తిండి అందరిది" అంటిని. ఆమె వినినది. ఆ పూట భోజనము చేయలేదు. బిడ్డకు ఒంట్లో బాగులేదని చెప్పినది.

ఆ తరువాత పదిదినములకే నాకు జ్వరము తగిలి మూడు దినములు మంచము పట్టితిని. ఆ మూడు దినములు ఇల్లెట్లు జరిగినదో నేనడుగలేదు. నాలుగవనాడు లేచి స్నానము చేసి వడ్డన చేసితిని. "పెద్దకోడలు లేచినది, ఇల్లు నిండినది" అని అత్తగారు సంతోషించిరి. నేనును సంతోషించితిని. పప్పు రుబ్బి, కూరలు తరిగి, నాకు గంజి కాచి, రాత్రి రెండు మారులు లేచి నా నొసట తడిగుడ్డ వేసి, పిల్లలను బడికి పంపినది ఎవరు? నేను బయట కూర్చున్నప్పుడు నన్ను లోనికి లేపిన చేయి అదియే గదా! వడ్డన నాది గనుక పాయింట్లన్నియు నా పేరనే పడినవి.

ఆ రాత్రి వంటిల్లు కడుగునప్పుడు, "అమ్మాయీ, భాద్రపదములో నేనన్న మాట తప్పు" అంటిని. ఆమె కొంచెముసేపు పలుకలేదు. తరువాత, "ఆ మాట కాదు అక్కయ్యా నన్ను బాధించినది. అది నిజమేమో యని నాకే తోచినది. అది బాధించినది" అనెను. నాకు జవాబు దొరకలేదు. ఆమె చేతిలోని బిందె తీసికొని నేను కడిగితిని.

మరునాడు పీటలమీద అందరు కూర్చున్నప్పుడు అత్తగారితో, "అత్తయ్యగారూ, నా జ్వరములో మూడు దినములు మీరు తిన్నది చిన్నకోడలి వంటయే. నాకన్న చారు ఆమెయే బాగుగా కాచును" అంటిని. అత్తగా రామెవంక చూచి, "ఔనే, ఆ చారు మరల కాయుము" అనిరి. అంతే జరిగినది. గొప్ప మార్పేదియు కలుగలేదు. కాని నాటినుండి వారమునకు మూడు పూటలు వడ్డన ఆమెది. ఆ పూటలయందు బిడ్డ నా చంకలో నుండును. బిడ్డ నెత్తుకొని వంట చూచుట యెంత కష్టమో నాకప్పుడు తెలిసినది.

పిల్లవాని ఆట ఏమైనదందురా? నాలుగు గళ్ళు నింపి, విజయ్ మలిక్‌ను నాయకునిగా, భరత్‌ను ఉపనాయకునిగా పెట్టి ఆడెను. ఆ దినమున వాడు పదునొకండు పిక్కలు ఓడిపోయెను! లెక్క మంచిదైనను ఆట మన చెప్పుచేతలలో నుండదు. ఒక పట్టులో కాలు జారిన చాలును, అంకెలన్నియు తలక్రిందులగును. వాడు మూట విప్పి పదునొకండు పిక్కలు లెక్కపెట్టి యిచ్చి, అన్నము తిని, హాయిగా నిద్రపోయెను. నేను వాని మంచముప్రక్క నిలుచుండి చూచితిని. మా మరిది ఓడిన రాత్రులయందు ఇట్లు నిద్రపోయియుండడు. ఆ ఇంటిలో ఇంకొకరును నిద్రపోయియుండరు.

ఆదివారమున మా మరిది వచ్చి నోటుపుస్తకము చూచెను. మొగము తెల్లబోయినది. పిల్లవాడు మూట చూపి, "పిక్కలే బాబాయీ" అనెను. అతడు నాలుగవ గడిమీద వ్రేలు పెట్టి, "ఇది ఎవరు గీచిరి?" అని యడిగెను. "పిన్ని" అని వాడు చెప్పెను. అతడు చాలసేపు పుస్తకము పట్టుకొని యూరకుండి, తరువాత పెరటిలో బట్టలారవేయుచున్న భార్యవద్దకు పోయెను. వారేమి మాటలాడుకొనిరో నాకు దెలియదు. వినుట నా పనియు గాదు. ఆమె లోనికి వచ్చునప్పుడు బకెట్టు అతని చేతిలో నుండెను.

మీ పిల్లల సంచిలో ఇట్టి పుస్తకము దొరకినచో ముందు తెరచి చదువుడు. సొమ్ము పేరున్నచో ఆ దినముననే ఆపుడు, జాలి తలపవలదు. సొమ్ము లేనిచో ప్రక్కన కూర్చుండి లెక్క చూడుడు. ఒకరి పని మరియొకరి పనితో నెట్లు కలిసియుండునో తెలిసికొనుటకు పిల్లలకు చెడుగుడుకన్న మంచి పాఠము నేను చూడలేదు. మీ యింట తోడికోడలున్నచో, లెక్క పెట్టుట మీరును మానలేకున్నచో, నాలుగవ గడి గీయుట మరువకుడు. మా యింట ఆ గీత గీచినది నేను కాదు.